పన్నెండా, రెండా

తలుపు మూసే ఉంది. మూసే ఉండాలి, తెరుచుకుంటే కెమెరాలో వెనక నేను కనబడతాను, నేను కనబడితే పరీక్ష పోతుంది, అందుకే చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చున్నాను, ఇంకా దూరం పోదామంటే పోరాదు, దూరం పోతే నెట్ అందదు. నెట్ నా చేతిలో ఉన్న ఈ ఫోన్‌లోంచి లోపలి ల్యాప్‌టాప్‌కు పోతోంది. ఎట్లా పోతుందో కంటికి కనబడదు, గోడలోంచే పోతుందని నా బిడ్డ శ్రీలత చెప్పింది. ఈ ఇస్నాపూర్ కిరాయి గోడల్లోంచి పక్క గది మిక్సీ మోత వస్తుంది, ఎవరు ఎవర్ని తిట్టుకుంటున్నారో వస్తుంది, గాలి ఇటు తిరిగితే జిన్నారం దిక్కు కంపెనీల వాసన వస్తుంది, పనికొచ్చేది కూడా ఒకటి గోడ దాటి మా ఇంట్లోకి పోతుందని ఇన్నేళ్లకు ఇవాళే తెలిసింది. ఫోన్ వేడెక్కింది. ఎండలో పెట్టొద్దంది, నీడకు జరిపాను, జరిపితే ఏమన్నా తెగిందేమోనని మళ్లీ చూశాను, పైన ఆ చిన్న గుర్తు ఉంది, ఆ గుర్తు ఉన్నంతసేపు బిడ్డ పరీక్షలో ఉన్నట్టు. గంట పరీక్ష. తన ఫోన్‌ను పక్కన బియ్యం డబ్బా మీద నిలబెట్టి రెండో కెమెరా చేసింది, దొంగలను చూసినట్టు రెండు దిక్కుల నుంచి చూస్తారట. లోపల ఇంకో గొంతు వినబడితే ఎర్ర గుర్తు పడుతుందట, మూడు పడితే బయటకు నెట్టేస్తారట. నెగ్గితే ఆఫీసు ఉద్యోగం. పోతే సోమవారం నుంచి వాళ్లమ్మతో పాటు ముత్తంగి గోడౌన్‌కు, పొద్దంతా నిలబడి అట్టపెట్టెలకు టేపు వేసే పనికి. నా భార్య పద్మ అక్కడ మాట కూడా చెప్పి పెట్టింది. అప్పుడే ఎందుకే, అపశకునం అన్నాను. "శకునం పొయ్యి మీద ఉడుకుతదా?" అని డబ్బా సర్దుకుని పోయింది.

నాకు పరీక్షంటే భయం లేదు. సంగారెడ్డి కాలేజీకి మూడేళ్లు నిలబడి బస్సులో పోయి చదివిన పిల్ల, దానికి వచ్చు. నా భయమంతా నిన్న పొద్దున చాయ్ తాగుతూ నేనన్న ఒక్క మాట గురించి. ఎస్‌క్యూఎల్ అట, కంప్యూటర్‌లో దాచిన పట్టికలను ప్రశ్న అడిగే భాష. మనిషి లోపలికి వచ్చిన టైము, బయటకు పోయిన టైము ఇస్తారు, ఆ రెండింటి నడుమ పొద్దటి పూట గంటలెన్ని, మధ్యాహ్నం పూట గంటలెన్ని, విడదీసి చెప్పమంటారు. "గీ కంపెనోళ్లు హాజరు మిషన్లకే సాఫ్ట్‌వేర్ రాస్తరు నాయినా, గిదే అడుగుతరు, సూడు" అన్నది. పన్నెండును నడుమ గీతలాగా పెట్టుకుంది. మనిషి పోయిన టైమూ పన్నెండూ, వీటిలో ఏది ముందైతే దాంట్లోంచి వచ్చిన టైము తీసేస్తే పొద్దటి గంటలు. వచ్చిన టైమూ పన్నెండూ, ఏది తర్వాతైతే అక్కడి నుంచి పోయేదాకా మధ్యాహ్నం గంటలు. పెట్టి చూడడానికి ఎవరి టైములు కావాలి, ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు కదా. నా ఏ షిఫ్టు పెట్టింది, ఆరుకు వచ్చి రెండుకు పోయిన మనిషికి పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు. సరిపోయింది. నా బి షిఫ్టు పెట్టింది, రెండుకు వచ్చి రాత్రి పదికి పోయిన మనిషికి మధ్యాహ్నం ఎనిమిది, పొద్దున మైనస్ రెండు.

"మైనస్ ఏందే?"

"నువ్వు పన్నెండు దాటినంకనే లోపలికి పోతవు గద నాయినా, రెండంటే పద్నాలుగు. పన్నెండుల నుంచి పద్నాలుగు తీస్తే మైనస్ వస్తది. ఏడనో తప్పు పడుతున్నది."

"అంటే ఎనిమిది గంటలు గొడ్డు చాకిరీ చేసి మళ్ల నేనే వానికి రెండు గంటలు బాకీనా?"

అది నవ్వింది. నాకు మండింది. కంపెనీవాడు కోస్తే కోశాడు, కాంట్రాక్టరు కోస్తే కోశాడు, ఇప్పుడు నా చాయ్ గ్లాసు పక్కన కూర్చుని నా కూతురు రాసే లెక్క కూడా నన్నే కోస్తే ఎట్లా? "పన్నెండుకు పొద్దు అయిపోయిందని నీకెవడు చెప్పిండే? రెండుకు సైరన్ కొడితేనే పొద్దు అయిపోయినట్టు. గా పన్నెండు తీసి రెండు పెట్టు" అన్నాను. పెట్టింది. ఏ షిఫ్టుకు పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం సున్నా. బి షిఫ్టుకు పొద్దున సున్నా, మధ్యాహ్నం ఎనిమిది. మైనస్ మాయం. "అరె నాయినా, మస్తు చెప్పినవ్!" అని భుజం మీద ఒక్కటి కొట్టింది. ఆ దెబ్బ పొద్దంతా నా భుజం మీదే ఉంది. డ్యూటీకి పోయి గేటు దగ్గర సెక్యూరిటీ యాదన్నను పట్టుకుని నిలబెట్టి మరీ చెప్పాను. "ఏడో తరగతి సదివినోడివి, కంప్యూటర్లకు కూడా బుద్ధి చెప్తున్నవా" అన్నాడు, అన్నా అందులో మెచ్చుకోలే వినబడింది నాకు.

ఇవాళ పొద్దున నల్లా దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఎదురింటి పిల్లవాడు తెల్లచొక్కా వేసుకుని, టై కట్టుకుని బండి తీశాడు, వాడిది బ్యాంకు పని, పదికి పోతాడు, సాయంత్రం వస్తాడు, సబ్బు నురుగు కంట్లోకి పోయేదాకా వాణ్ని చూస్తూ నిలబడిపోయాను. వానికి పొద్దు ఎప్పుడు అయిపోతుంది? వానికి సైరన్ ఏది? ఆ ప్రశ్న పెట్టేవాడు ఏ ఏసీ గదిలోనో కూర్చుని పెడతాడు, వాని మధ్యాహ్నం పన్నెండుకే మొదలవుతుంది, దేశమంతటికీ పన్నెండుకే. రెండుకు మొదలయ్యేది మా కంపెనీ గోడ లోపలే. నేను నా గోడను తీసుకుపోయి బిడ్డ లెక్కలో పెట్టాను. చెబుదామని లోపలికి వస్తే అప్పటికే తల దువ్వుకుని, దేవుడి పటం ముందు కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఇప్పుడు చెబితే గాబరా పడుతుందేమో, కూర్చున్నాక చెబుదాం అనుకున్నాను. కూర్చోగానే "నాయినా, ఇగ బయటికి పో, దగ్గు కూడా ఆపుకో" అని తలుపు వేసింది. ఇప్పుడు ఆ మాట నా నోట్లోనే ఉంది. పన్నెండు. అంత చిన్న మాట. గట్టిగా అంటే ఎర్ర గుర్తు, మెల్లగా అంటే వినబడదు.

కీబోర్డు చప్పుడు వస్తోంది, టకటక, ఆగి, టకటక. చప్పుడు ఉన్నంతసేపు పానం నిమ్మళం. ఆగితే ఏం ఆలోచిస్తోందో అని. నన్ను అడిగితే మా దగ్గర పన్నెండు అనేదే లేదు. ఆరు ఉంది, రెండు ఉంది, పది ఉంది. కంపెనీ ఇంకా కట్టకముందు, అక్కడ మా జొన్న చేను ఉన్నప్పుడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చేటప్పటికి ఆమె నీడ ఆమె కాళ్ల కిందే ఉండేది, అది పన్నెండు అయుంటుంది, అప్పుడు ఎవరికీ దాని పేరు పట్టలేదు. ప్రహరీ లేచి, పొగగొట్టం లేచి సైరన్ కొట్టడం మొదలయ్యాక ఊరు ఊరంతా దాని చెప్పుచేతల్లోకి పోయింది, బర్రెలను కూడా సైరన్‌కే విప్పేవాళ్లు. భూమి ఇచ్చిన ఇంటికి ఒక నౌకరి అన్నారు. ఇచ్చారు, నౌకరే, కాకపోతే కాంట్రాక్టరు కింద. బడి మానేసి డ్రమ్ములు దొర్లించడానికి పోయాను, అప్పుడు మీసం రాలేదు, ఇప్పుడు తెల్లబడ్డది, నౌకరి మాత్రం ఇంకా టెంపరరీయే. ఆ డ్రమ్ముల్లోని కెమికల్ నీళ్లకు బొటనవేలి గీతలు అరిగిపోయాయి, గేటు దగ్గర వేలు పెడితే మిషన్ నన్ను గుర్తుపట్టదు, మళ్లీ పెట్టు అంటుంది, మళ్లీ పెట్టు, వెనక వరుసలో బిహార్ పిల్లలు "చాచా, జల్దీ" అంటారు. నా చేతులను తిన్న కంపెనీ నా చేతులనే ఎవరివని అడుగుతుంది. అట్లాంటి మిషన్ వెనక కూర్చునే నౌకరికే ఇప్పుడు నా బిడ్డ లోపల పరీక్ష రాస్తోంది. రానీ. ఎవరో ఒకరు ఆ పక్కన కూర్చోవాలి కదా, మా ఇంటి మనిషి ఎందుకు కూర్చోకూడదు?

చప్పుడు ఆగింది.

ఆగింది. ఆ లెక్క దగ్గరే ఆగినట్టుంది. పన్నెండా, రెండా అని చూస్తోంది. శ్రీలతకు ముందొకసారి ఇట్లాగే అయింది, రెండో తరగతిలో, పొద్దు ఎప్పుడు, మధ్యాహ్నం ఎప్పుడు అని బొమ్మలు ఇచ్చి గీతలు కలపమంటే, మధ్యాహ్నం బొమ్మను తీసుకుపోయి రెండు గంటల గడియారానికి కలిపింది, మా నాయిన టిఫిన్ డబ్బా పట్టుకొని బయలెల్లితె మధ్యాహ్నం టీచర్ అని చెప్పిందట. టీచరమ్మ తప్పు కొట్టింది. నేను సి షిఫ్టు దిగి వచ్చిన నిద్రకళ్లతో బడికి పోయి ఆమె మీద అరిచాను, మా ఇంట్లో అట్లనే ఉంటది, మీ ఇంట్ల ఎట్లుంటదో నాకెందుకు, అని. ఆమె తల దించుకుంది. గెలిచాననుకున్నాను. ఇంటికి వచ్చేదాకా పిల్ల నా వేలు పట్టుకోలేదు. అప్పుడు పట్టించుకోలేదు, పిల్ల అలిసిందనుకున్నాను. ఇప్పుడు ఈ మెట్టు మీద కూర్చుంటే అర్థమవుతోంది, దానికి నా మాట కాదు కావలసింది, ఆ తప్పు దిద్దుకోవడం కావాలి, రేపు అందరి పిల్లల్లా బడిలో కూర్చోవడం కావాలి. నేను ఎప్పుడూ దానికి మా గోడే ఇస్తాను. ఇంకా చప్పుడు లేదు. రాయవే తల్లీ, ఏదో ఒకటి రాయి.

పక్క గది తలుపు తెరుచుకుంది, రేఖ మిక్సీ గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది, గిన్నెలో మిరపకాయలు కనబడుతున్నాయి. నేను లేచి చేతులు జోడించాను.

"ఏందన్నా, నన్ను జూసి దండం పెడ్తున్నవ్?"

వేలు పెదాల మీద పెట్టి తలుపు చూపించాను. "పరీక్ష," గుసగుసగా. "జెర ఆగు చెల్లె."

"మా ఆయన తిండికొస్తడు అన్నా, తొక్కు నూరాలె."

"రోట్ల నూరరాదూ?"

"రోలా! నువ్వు తెచ్చి పెట్టినవా?" అన్నది, అంటూనే తనూ గొంతు తగ్గించేసింది, గిన్నె మూత నొక్కి పట్టుకుంది, మిరపకాయలు లేచి అరుస్తాయన్నట్టు. "లత రాస్తుందా? గట్టి పరీక్షనా?" తలూపాను. "ఇగ ఇయ్యాల పప్పే తింటడు తియ్యి" అని వెనక్కి పోయి తలుపు ఎంత మెల్లగా వేసిందంటే గొళ్లెం చప్పుడు కూడా రాలేదు. మనిషి మంచిదే. ఆ మిక్సీ మీద పద్మ ఎన్ని మాటలన్నదో.

టకటక. వచ్చింది, మళ్లీ వచ్చింది చప్పుడు. కూర్చుందామని వంగుతుంటే చేతిలో ఫోన్ వణికింది.

రాజశేఖర్ సార్. మా షిఫ్టు సూపర్‌వైజరు. రెండో సిమ్ములో. ఆ సిమ్ము గురించి శ్రీలత పొద్దునే అడిగింది, "కంపెనీ నంబర్ సిమ్ము బంద్ చేస్త నాయినా, దానికి ఫోన్ వస్తే నెట్ ఆగుతది" అని, నేనే వద్దన్నాను, పిలిచినప్పుడు పలకని పేరును డ్యూటీ లిస్టులోంచి ఎట్లా కొట్టేస్తారో నాకు తెలుసు, మొన్న నాతో డ్రమ్ములు దొర్లించే పవన్ పేరు అట్లనే పోయింది. ఇప్పుడు మోగుతోంది. చప్పుడు రాకుండా పెట్టాను కానీ వణుకు ఆగదు, పైన ఆ చిన్న గుర్తు పక్కన నెట్ గీతలు మాయమయ్యాయి, లోపల టకటక మళ్లీ ఆగింది, ఈసారి ఆలోచించి ఆగింది కాదు, నేను ఆపింది. ఒక నిమిషం దాటితే పరీక్ష మూసుకుపోతుందన్నది. ఎత్తితే సగం నిమిషం మాట్లాడడం, ఎత్తకపోతే మోగీ మోగీ అది కూడా నిమిషమే. ఎర్ర గుండీ. ఎన్నడూ నొక్కలేదు ఆయన పేరు మీద, వేలు వెళ్లడం లేదు, అరిగిన వేలు, ఫోన్ కూడా గుర్తుపట్టదేమో. నొక్కాను. గీతలు వచ్చాయి. ఒకటి, రెండు, నిండింది. లోపల కుర్చీ కిర్రుమంది. ఉంది, ఇంకా ఉంది. సిమ్ము బంద్ చేయడం ఎట్లాగో చూద్దామని ఫోన్ సెట్టింగుల్లోకి పోయాను, అదొక అడవి, అన్నీ ఇంగ్లిష్, రెండు సిమ్ములూ పక్కపక్కనే కవలపిల్లల్లాగా కనిపించాయి, ఏది బిడ్డది, ఏది కంపెనీది? తప్పు దాన్ని నొక్కితే నా చేత్తో నేనే. వెనక్కి వచ్చేశాను. మళ్లీ వణికింది. ఆయనే. ఈసారి వేలు తొందరగానే పోయింది. మూడోసారి వణకబోతుండగానే కోశాను. పోనీ. లిస్టు పోతే పోనీ, ఎన్నేళ్ల నుంచి భయపడుతున్నాను ఆ లిస్టుకు, దాంట్లో పేరు ఉన్న రోజు కూడా నాకు నిద్ర పట్టలేదు. అనుకుంటున్నాను కానీ చెమట చెవుల వెనక నుంచి కారుతోంది. ఆయన రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు. ఇంకెంత ఉంది? టైము చూస్తే భయం, చూడకపోతే భయం. నీడ చూశాను. మెట్టు నీడ మెట్టు దగ్గరే ముడుచుకుంది.

తలుపు తెరుచుకుంది.

చున్నీతో ముఖం తుడుచుకుంటోంది. నవ్వడం లేదు, ఏడవడం లేదు.

"అయిందా?"

"అయింది. రెండు మూడుసార్లు ఆగింది గద నెట్. తిరిగి, తిరిగి, మళ్ల వచ్చింది. పానం పోయింది నాయినా."

"లెక్క వచ్చిందా? గదే, పొద్దుది?"

"వచ్చింది."

"పన్నెండు పెట్టినవా, రెండు పెట్టినవా?"

"ఏం రెండు?"

"నిన్న నేను చెప్పలే? సైరన్ కొడితేనే పొద్దు అయిపోయినట్టని, రెండు పెట్టుమని. గది పెట్టలే గద?"

చున్నీ దులిపి భుజం మీద వేసుకుంది. తర్వాత యాదికొచ్చినట్టుంది. "గదా! గది నువ్వు డ్యూటీకి పోంగనే తీసేసిన. నువ్వు సంబురపడ్డవని నవ్విన, అంతే. పరీక్షల గట్ల పెడతరా ఎవరన్నా?"

గంట నుంచి నా గొంతులో ఇరుక్కున్నది దిగింది. దిగిన చోట ఇంకోటి గుచ్చుకుంది. తీసేసింది. నేను గేటు దగ్గర యాదన్నకు గొప్పలు చెప్పుకుంటున్న సమయానికే తీసేసి ఉంటుంది. మంచిదే. దేవుడా, మంచిదే. కానీ ఒక్క పూట అయినా ఉంచితే ఏమయ్యేదో.

"మరి గా మైనస్?"

"సున్నా కన్న తక్కువొస్తే సున్నానే చూపియ్యుమని రాసిన. గది అయింది." మెట్టు మీద నా పక్కన కూర్చుంది. "తప్పింది వేరే ఉన్నది. రాత్రి పదికి లోపలికి వచ్చి తెల్లారి ఆరుకు బయటికి పోయేటోళ్లను ఇచ్చిండ్రు. రోజు మారుతది గద, పోయిన టైము వచ్చిన టైము కన్న చిన్నగైతది. నా లెక్కల మొత్తం తలకిందులైంది. నాలుగు ప్రశ్నలల్ల మూడు అయినయి, గది కాలే."

సి షిఫ్టు. మూడు వారాలకొకసారి నేను చేసేదే. ఏ షిఫ్టు పెట్టాం, బి షిఫ్టు పెట్టాం, బాకీ అని కోపం చేసుకున్నాం, గోడలు కట్టాం, కూల్చాం, సి షిఫ్టు పెట్టి చూడు బిడ్డా అని నా నోట రాలేదు. రాత్రంతా మేలుకుని కళ్లు మండుతూ వచ్చి, అది బడికి పోయే టైముకు ముసుగు తన్ని పడుకుంటే, ఇంట్లో అందరూ కాళ్ల మునివేళ్ల మీద నడిచేవాళ్లు. అది దానికి కూడా తెలుసు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ యాదికి రాలేదు.

"మూడైతే సాలదా?"

"తెల్వదు. సాయంత్రం మెయిల్ పెడతమన్నరు."

ఫోన్ మళ్లీ వణికింది, ఇద్దరమూ ఉలిక్కిపడ్డాం. ఇప్పుడు ఎత్తాను.

"నరసింహా, ఏంటయ్యా, ఫోన్ కట్ చేసేస్తున్నావు? పెద్దోడివైపోయావా?"

"బిడ్డది పరీక్ష సార్."

"పరీక్ష బిడ్డదైతే నువ్వు రాస్తున్నావా? మనిషి తగ్గాడు, తొందరగా రమ్మందామని చేశాను. వేరేవాణ్ని పెట్టేశాలే. నువ్వు నీ టైముకే రా. నెలాఖరుకు మాట్లాడదాం నీ సంగతి" అని పెట్టేశాడు. నెలాఖరుకు. సరే, అది నెలాఖరుకు కదా.

అన్నం తిన్నాననిపించాను. డబ్బా కట్టించుకున్నాను, చొక్కా మార్చుకున్నాను. సాయంత్రం మెయిల్ వచ్చేటప్పటికి నేను లోపలే ఉంటాను. నిప్పురవ్వ పడితే అంటుకునే సాల్వెంటు ప్లాంటు, ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి, పది కొట్టేదాకా నాకు ఏ కబురూ రాదు. చెప్పులేసుకుంటూ అన్నాను, "గేటు కాడి యాదన్న నంబర్ ఉంది గద నీ దగ్గర. నౌకరి వస్తే ఆయనకు చెయ్యి, నా దగ్గరికి కబురు పంపుతడు."

"రాకుంటే?"

"రాకుంటే చెయ్యకు. ఊకె ఎందుకు."

తలూపింది. సందు చివరిదాకా వచ్చాను, అక్కడ షేర్ ఆటో నిండుతోంది, ఇంకొక్కరికే చోటు ఉంది, డ్రైవరు రా రా అంటున్నాడు. ఎనిమిది గంటలు. గేటు దిక్కు నుంచి ఎవరు నడిచి వచ్చినా యాదన్ననేమో అని చూస్తాను. ఆయన రాకపోతే, మెయిల్ ఇంకా రాలేదేమో, వచ్చినా ఆయన చెప్పలేదేమో, నౌకరి రానే లేదేమో, అని ఒక్కో డ్రమ్ముకు ఒక్కో లెక్క చేస్తాను. బిడ్డ మాత్రం తెలిసి కూర్చుని ఉంటుంది, ఒక్కతే, అమ్మ వచ్చేదాకా. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆగు అని చెయ్యెత్తి, డబ్బా గుద్దుకుంటుండగా వెనక్కి ఉరికాను. అది ఇంకా మెట్టు మీదే ఉంది.

"ఏందే, రాకున్నా చెయ్యి."

"ఏం చెప్పాలె యాదన్నకు?"

"ఏం లేదు. మా నాయినకు జెర ఫోన్ ఇయ్యి అను. ఇస్తడు. నేను గేటు కాడికి వస్త."

"డ్యూటీల నుంచి రానిస్తరా?"

"నేనొస్త తియ్యి," అన్నాను. "నువ్వు చెయ్యి."